'ఎగ్జాక్ట్‌లీ సిమిలర్' అని రాస్తే సరుకు ఆగిపోయింది. ఈ మాటల తేడా చెప్తారా?

ఆటోనగర్_క్యూసీ
శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. గాజువాక ఆటోనగర్‌లో ఒక చిన్న మెషిన్ షాపులో క్వాలిటీ చూస్తాను. మూడేళ్లయింది. కొలతలు తీయడంలో ఇప్పటిదాకా నాకు ఎవరూ వంక పెట్టలేదు. ఈసారి మాత్రం ఒక మాట దగ్గర ఇరుక్కున్నాను.

బయటి దేశం కస్టమర్ ఒకరు పంపు షాఫ్టుకి తొడిగే స్లీవ్ ఒకటి శాంపిల్‌గా పంపి, అలాంటివే 40 చేయమన్నారు. చేశాం. ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో 'ద బ్యాచ్ ఈజ్ ఎగ్జాక్ట్‌లీ సిమిలర్ టు ద శాంపిల్' అని రాశాను. వాళ్ల దగ్గర్నుంచి ఒక్క లైన్ జవాబు వచ్చింది: 'సిమిలరా, ఐడెంటికలా? తేల్చి రాయండి.' అది తేలేదాకా సరుకు పంపొద్దన్నారు. తొమ్మిది రోజులుగా పెట్టెలు షాపులోనే ఉన్నాయి. ఓనరు గారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే ఇంకా టెన్షన్‌గా ఉంది.

నేను మనసులో అనుకున్నది 'అచ్చం శాంపిల్ లాగే ఉన్నాయి' అని. అదే ఇంగ్లీషులో పెట్టాననుకున్నాను. తప్పెక్కడ జరిగింది? 'ఐడెంటికల్' అని మార్చేస్తే సరిపోతుందా? 'ఎగ్జాక్ట్‌లీ', 'ప్రిసైజ్‌లీ', 'జస్ట్', 'ఈక్వల్లీ', 'సిమిలర్లీ', 'లైక్‌వైజ్'... ఇవన్నీ నాకు ఒకే మాటలా వినిపిస్తాయి. తెలిసినవాళ్లు కొంచెం విడమరిచి చెప్పండి.

మద్దిలపాలెం_మాస్టారు
శుక్రవారం, రాత్రి 10:05

అమ్మా, ముందుగా ఒక మాట. నీ తెలుగులో తప్పేమీ లేదు. 'అచ్చం శాంపిల్ లాగే' అన్నది నిఖార్సైన వాక్యం. చిక్కంతా 'సిమిలర్' దగ్గర ఉంది. 'సిమిలర్' అంటే పోలిక ఉంది అని అర్థం. పోలిక ఉంది అంటే ఎంతో కొంత తేడా కూడా ఉందని వినేవాడికి తోస్తుంది. 'ఎగ్జాక్ట్‌లీ' ఆ తేడా లేదంటుంది. ఒకటి ఉందని, ఇంకొకటి లేదని అంటే, చదివేవాడు ఏది నమ్మాలి? పాత ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ జంట కనిపిస్తుంది, కాదనను. కానీ డబ్బుతో, యంత్రంతో ముడిపడ్డ కాగితంలో ఈ రోజు రాయకూడదు.

మన 'లాగే' చివర ఉన్న ఏకారం చూడు. 'లాగ' అంటే పోలిక. 'లాగే' అనేసరికి ఆ పోలిక బిగుసుకుంటుంది. ఇంగ్లీషుకి అలాంటి ఏకారం లేదు. మనం 'ఇక్కడే' అనే చోట వాళ్లు 'రైట్ హియర్' అంటారు. 'ఇప్పుడే' అనే చోట 'జస్ట్ నౌ', 'ఆ మనిషే' అనే చోట 'ద వెరీ మ్యాన్', 'అదే' అనే చోట 'ఎగ్జాక్ట్‌లీ దట్'. మనకి ఒక్క అచ్చుతో అయ్యే పనికి వాళ్లకి నాలుగైదు మాటలు కావాలి. ఆ మాటలు ఒకదాని బదులు ఇంకొకటి పెట్టడానికి కుదరదు.

నేను ముప్పై ఏళ్లు పిల్లలకి ఇంగ్లీషు చెప్పాను. ఈ మాటల దగ్గర వాళ్లని ఒక్కటే ప్రశ్న వేసుకోమనేవాణ్ని: ఇక్కడ ఒకటిగా ఉన్నది ఏది? వస్తువా, తీరా, మోతాదా, లేక ఒక బిందువా? 'నిన్న కాంప్లెక్సులో ఎక్కిన బస్సే ఇది' అంటే వస్తువు ఒకటే. అక్కడ 'ద సేమ్ బస్'. అయితే అదే రూటు బస్సునీ 'ద సేమ్ బస్' అనొచ్చు, మనం 'అదే బస్సు' అన్నట్టే. ఆ బండి తప్ప ఇంకోటి కాదని చెప్పాలంటే 'ద వెరీ బస్' అనాలి. 'వాళ్ల అన్న నేవీలో చేరాడు, వీడూ అలాగే చేశాడు' అంటే తీరు ఒకటే. అది 'లైక్‌వైజ్'. ఆ మాటలోని 'వైజ్'కి పాత ఇంగ్లీషులో తీరు, పద్ధతి అని అర్థం. 'ఇద్దరికీ సమానంగా పంచాను' అంటే మోతాదు, అక్కడ 'ఈక్వల్లీ'. 'సరిగ్గా తొమ్మిదింటికి' అంటే బిందువు.

నీ రిపోర్టులో ఒకటిగా ఉన్నది ఏది? స్లీవ్ వస్తువుగా అదే కాదు, కొత్తగా చేశారు. మరి ఏది ఒకటి? అది నువ్వే చెప్పాలి.

ఐఈఎల్‌టీఎస్_రెండోసారి
శుక్రవారం, రాత్రి 10:31

మాస్టారూ, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. 'ఈక్వల్లీ యాజ్ గుడ్ యాజ్' అని రాస్తే నాకు మార్కు తీసేశారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. 'సేమ్ లైక్' కూడా తప్పంటారు.

మద్దిలపాలెం_మాస్టారు
శుక్రవారం, రాత్రి 10:44

'ఈక్వల్లీ'లోనే 'అంతే' అన్న అర్థం ఉంది బాబూ, 'యాజ్'లోనూ ఉంది. రెండూ పెడితే 'అంతంతే అంత బాగుంది' అన్నట్టవుతుంది. 'బోత్ ఆర్ ఈక్వల్లీ గుడ్' అను, లేదా 'దిస్ ఈజ్ జస్ట్ యాజ్ గుడ్ యాజ్ దట్' అను. ఇక 'సేమ్'తో పోల్చేటప్పుడు 'యాజ్' రావాలి. మనకి 'లాగ' ఒక్కటే ఉంది కాబట్టి 'సేమ్ లైక్' నోటికి వచ్చేస్తుంది. రాసేటప్పుడు ఆగి చూసుకో.

జాలరిపేట_కుర్రాడు
శుక్రవారం, రాత్రి 11:20

మాస్టారి ఏకారం చదివాక నాకు ఇంకోటి తట్టింది. 'సరిగా', 'సరిగ్గా'. ఈ రెండూ ఒకటి కావు కదా. 'వలని సరిగా కట్టు' అంటే పద్ధతిగా కట్టమని. 'సరిగ్గా కట్టు' అని మా ఇంట్లో ఎవరూ అనరు. 'సరిగ్గా నాలుగింటికి పడవ దిగింది' అంటారు. గ పక్కన ఇంకో గ చేరితే మాట సూదిమొనలా అయిపోయింది. ఇన్నాళ్లూ రోజూ అంటున్నాను గానీ ఎప్పుడూ గమనించలేదు.

మా అమ్మ ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలు అమ్మేది. ఎలక్ట్రానిక్ కాటా రాకముందు తక్కెడే. పొద్దున్నే ముందు ఖాళీ తక్కెడ ఎత్తి చూసేది. ఒక పళ్లెం కిందికి లాగుతుంటే రెండో వైపు చిన్న రాయి కట్టేది, పాసంగం. ఆ తర్వాతే చేప వేసేది. 'తక్కెడ ముందు సరి చెయ్యాలిరా, అప్పుడే తూకం సరిగ్గా వస్తది' అనేది. ఒకే మాటలో 'సరి', 'సరిగ్గా' రెండూ. ఇంగ్లీషులో ఈ రెండింటికీ వేరు మాటలున్నాయా?

ఉక్కునగరం_మెట్రాలజీ
శనివారం, ఉదయం 6:50

జాలరిపేట తమ్ముడూ, మీ అమ్మగారు చేసినదాన్ని మా భాషలో కాలిబ్రేషన్ అంటారు. నేను పనిచేసినన్నాళ్లూ పొద్దున చేసిన మొదటి పని అదే. నీ ప్రశ్నకి సూటిగా జవాబు: ఉన్నాయి. 'ఆక్యురేట్‌లీ', 'ప్రిసైజ్‌లీ'. మనం రెండింటినీ 'కచ్చితంగా' అనేసి ఊరుకుంటాం. నష్టం అక్కడే జరుగుతుంది.

ఆ తక్కెడకి పాసంగం కట్టలేదనుకో. ఒకే చేపని పదిసార్లు వేసినా పదిసార్లూ ఒకే తూకం చూపిస్తుంది, కానీ పదిసార్లూ తప్పే. అది 'ప్రిసైజ్', 'ఆక్యురేట్' కాదు. సన్నటి కొలతలు తీసే మైక్రోమీటర్‌తోనూ అంతే. 25 మిల్లీమీటర్ల గేజ్ బ్లాక్, అంటే కొలత ముందే తెలిసిన దిమ్మ, పెడితే మూడుసార్లూ 25.03 చూపించిందంటే, పనిముట్టు స్థిరంగా ఉంది, సత్యంగా లేదు. ఇంకో పనిముట్టు 24.98, 25.03, 24.99 చూపిస్తే సగటు 25 వచ్చినా ఒక్కో కొలతని నమ్మలేం. 'ప్రిసైజ్‌లీ' అంటే పక్కపక్కన పడటం, 'ఆక్యురేట్‌లీ' అంటే నిజం మీద పడటం.

ఇప్పుడు ఆటోనగర్ అమ్మాయికి. డ్రాయింగ్‌లో టాలరెన్స్ ఎంత, అంటే కొలత అటూ ఇటూ ఎంతవరకు ఉండొచ్చని ఉంది? నీ కొలతలు ఎంతొచ్చాయి? అవి చెప్పకుండా 'ఐడెంటికల్' అని మాత్రం రాయకు. అది 'ఎగ్జాక్ట్‌లీ సిమిలర్' కంటే పెద్ద తప్పు.

ఆటోనగర్_క్యూసీ
శనివారం, ఉదయం 7:35

సార్, బోరు, అంటే లోపలి రంధ్రం వ్యాసం, 60 మిల్లీమీటర్లు, ప్లస్ ఆర్ మైనస్ 0.02. శాంపిల్ 60.00 చూపించింది. మా 40 పీసులు 59.99కి, 60.01కి మధ్యలో ఉన్నాయి. మెటీరియల్ వాళ్లు చెప్పిన గ్రేడే, టెస్ట్ సర్టిఫికెట్ ఉంది. 'ఐడెంటికల్' ఎందుకు రాయకూడదు? మిల్లీమీటర్‌లో వందో వంతు తేడా కంటికి కూడా కనపడదు కదా.

ఉక్కునగరం_మెట్రాలజీ
శనివారం, ఉదయం 8:10

కంటికి కనపడదు, షాఫ్టుకి తెలుస్తుంది. నువ్వే 60.01 అని కొలిచి, కింద 'ఐడెంటికల్' అని సంతకం పెడితే, రేపు ఏదైనా స్లీవ్ బిగుసుకుపోయినప్పుడు ఆ కాగితమే నీ మీదికి వస్తుంది.

ఇది నాకు బాగా పట్టింపున్న విషయం, అందుకే వివరంగా రాస్తున్నాను. 'ఎగ్జాక్ట్‌లీ' అనే మాట సంఖ్య పక్కన రెండు చోట్లే నిలుస్తుంది. ఒకటి, లెక్కపెట్టిన చోట. పెట్టెలో ఎగ్జాక్ట్‌లీ 40 పీసులు ఉన్నాయి అనొచ్చు. 39.98 పీసులు ఉండవు కాబట్టి అది నిజం. రెండు, మనుషులు కూర్చుని నిర్ణయించిన చోట. అంగుళం ఎగ్జాక్ట్‌లీ 25.4 మిల్లీమీటర్లు. 1959లో కొన్ని దేశాలు ఒప్పందం చేసుకుని అలా నిర్వచించాయి. అందులో పదివేలో వంతు కూడా అటూ ఇటూ లేదు. కానీ కొలిచిన దేని పక్కనా ఆ మాట నిలవదు. 60.00 అని నీ మైక్రోమీటర్ చూపించిందంటే, దాని చూపు అక్కడితో ఆగిందని అర్థం. ఇంకా సన్నగా చూసే పనిముట్టు పెడితే 60.003 అనొచ్చు. కాబట్టి శాంపిల్ కూడా ఎగ్జాక్ట్‌లీ 60 కాదు.

ఇంకా పచ్చిగా చెప్పాలంటే, కొలతల రిపోర్టులో క్రియావిశేషణమే వద్దు. సంఖ్య రాయి, టాలరెన్స్ రాయి, 'వితిన్ టాలరెన్స్' అను. అంతే.

లక్కబొమ్మ
శనివారం, ఉదయం 9:02

నాకూ ఇలాంటిదే జరిగింది. ఏటికొప్పాక బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్ముతాను. పెళ్లి జంట బొమ్మల పెట్టె మీద 'ఐడెంటికల్ సెట్' అని రాశాను. అన్ని సెట్లూ ఒకే తీరుగా ఉంటాయనే అర్థంలో. ఒకావిడ రెండు సెట్లు కొని, ఒకదాని కిరీటం రెండోదాని కంటే కాస్త పొట్టిగా ఉందని వెనక్కి పంపేసింది. అంకుడు కర్రని చేత్తో లేత్ మీద తిప్పి లక్క అద్దుతారు. అచ్చులో పోసే బొమ్మలు కావు. అచ్చే లేనప్పుడు అచ్చు గుద్దినట్టు ఎలా ఉంటాయి? ఇప్పుడు 'మ్యాచింగ్ సెట్' అని రాస్తున్నాను. మళ్లీ ఒక్కటీ వెనక్కి రాలేదు.

నడిసముద్రం
శనివారం, మధ్యాహ్నం 1:40

సెలవు మీద ఇంటికి వచ్చాను, ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. మర్చంట్ నేవీలో సెకండాఫీసర్ని. మా బతుకంతా ఈ మాటల మీదే నడుస్తుంది.

ఓడలో చుక్కాని పట్టుకున్న మనిషికి ఆర్డరు ఇస్తే, అతను దాన్ని పొల్లుపోకుండా తిరిగి చెప్పాలి. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఆమోదించిన ప్రామాణిక వాక్యాల్లో ఇది రాసి ఉంది. 'స్టార్‌బోర్డ్ టెన్' (చుక్కాని కుడివైపు పది డిగ్రీలు) అని ఆర్డరిస్తే 'స్టార్‌బోర్డ్ టెన్' అనే అనాలి. 'ఓకే సార్, అలాగే' అంటే కుదరదు. మన 'అలాగే' ఎంత మంచి మాటైనా అక్కడ ప్రమాదం. విన్నాడని తెలుస్తుంది గానీ, ఏం విన్నాడో తెలియదు.

కొత్తగా చేరిన మన కుర్రాళ్లు తడబడే చోటు ఇంకోటి ఉంది. చివర 'లీ' తగిలిస్తే ఏదైనా క్రియావిశేషణం అవుతుందని స్కూల్లో నేర్చుకుంటాం. కచ్చితత్వం చెప్పే చిన్న మాటలకి మాత్రం అది తగిలిస్తే అర్థమే మారిపోతుంది. 'నైన్ షార్ప్' అంటే సరిగ్గా తొమ్మిది. 'షార్ప్లీ' అంటే పదునుగా, గట్టిగా, ఒక్కసారిగా. 'పైలట్ విల్ బోర్డ్ ఎట్ నైన్ షార్ప్లీ' అని ఒక కేడెట్ ఓడ లాగ్‌బుక్కులో రాస్తే, రేవులో ఓడకి దారి చూపే పైలట్ విసురుగా ఎక్కుతాడన్నట్టుంది. 'జస్ట్' అంటే సరిగ్గా, 'జస్ట్లీ' అంటే న్యాయంగా. 'డెడ్ అహెడ్' అంటే ముక్కుకు సూటిగా ఎదురుగా, 'డెడ్లీ' అంటే ప్రాణాంతకం. 'రైట్ అండర్ ద క్రేన్' అంటే సరిగ్గా క్రేన్ కింద. 'రైట్లీ' అంటే సబబుగా. 'ఈవెన్' కూడా ఒకప్పుడు 'సరిగ్గా' అనే అర్థంలో నడిచింది, ఇప్పుడు ఆ అర్థం పోయింది. 'ఈవెన్లీ' అంటే అంతటా ఒకే మందంగా, పెయింటు పూసినట్టు. 'ఈక్వల్లీ' దగ్గర వాటాలు సమానం, 'ఈవెన్లీ' దగ్గర పరుచుకోవడం సమానం. కార్గో హోల్డులో బొగ్గుని 'ఈవెన్లీ' పరచకపోతే ఓడ ఒరుగుతుంది. అక్కడ 'ఈక్వల్లీ' అంటే ఎన్ని వాటాలని అడుగుతారు.

'షార్ప్'కీ 'ఫ్లాట్'కీ తేడా మాత్రం ఎవరూ నేర్పలేదు, పని చేస్తూ పట్టుకున్నాను. గడియారం మీద ఒక బిందువైతే 'షార్ప్': 'ఎయిట్ షార్ప్'. గడిచిన కాలమైతే 'ఫ్లాట్': 'ఇన్ టెన్ మినిట్స్ ఫ్లాట్', అంటే పది నిమిషాల్లోనే, ఒక్క సెకను కూడా ఎక్కువ కాకుండా. రెండూ మాట చివరే వస్తాయి.

ఉక్కునగరం సార్ చెప్పినదానికి సముద్రం వైపు నుంచి ఒకటి కలుపుతాను. 'సరిగ్గా మధ్యాహ్నం పన్నెండు' అంటాం. ఎవరి లెక్కలో పన్నెండు? మన దేశ ప్రామాణిక కాలం 1906 జనవరి 1 నుంచి 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం మీద నడుస్తోంది. విశాఖ దాదాపు 83 డిగ్రీల 18 నిమిషాల మీద ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున మన ఊరి స్థానిక కాలం గడియారం కంటే 3 నిమిషాలకి పైగా ముందుంటుంది. చేతి గడియారం 'ఎగ్జాక్ట్‌లీ ట్వెల్వ్' అన్నప్పుడు ఆర్కే బీచ్ మీద స్థానిక కాలం ప్రకారం పన్నెండు దాటిపోయింది. రెండూ తప్పు కావు. 'ఎగ్జాక్ట్‌లీ' అనే ముందు దేనికి సరిపోల్చి అంటున్నామో తెలియాలి.

దస్తావేజు_లేఖరి
శనివారం, సాయంత్రం 4:15

రిజిస్ట్రేషన్ కాగితాలు రాసే పని మాది, మా నాన్నగారి కాలం నుంచీ. ఈ చర్చలో ఒక పక్క ఎవరూ ముట్టుకోలేదు: మాటకి మాట ఒకటిగా ఉండటం. వస్తువు, తీరు, మోతాదు, బిందువు అన్నారు మాస్టారు. రాత కూడా ఉంది కదండీ.

మా దగ్గర దీనికి బోలెడు మాటలున్నాయి. యథాతథంగా. ఉన్నదున్నట్టు. మక్కికి మక్కి. తు.చ. తప్పకుండా. ఈ చివరిది నాకు చాలా ఇష్టం. తు, చ అనేవి సంస్కృత శ్లోకంలో పాదం నింపడానికి కూడా వాడే చిన్న అవ్యయాలు. అర్థానికి అంతగా అవసరం లేని ఆ రెండక్షరాలు కూడా తప్పిపోకూడదన్నారు మన పెద్దలు. ఇంగ్లీషులో దీనికి 'వర్డ్ ఫర్ వర్డ్', 'వర్బేటిమ్' అంటారు. 'లిటరల్లీ'కి అసలర్థం కూడా అక్షరాలా అనే. ఇప్పుడు దాన్ని 'లిటరల్లీ చచ్చిపోయాను' అని వాడుతున్నారు. మన 'అక్షరాలా' కూడా అక్షరాలు దాటి వచ్చేసింది: 'అక్షరాలా లక్ష రూపాయలు' అంటాం.

పట్టికల్లో పై లైనులో ఉన్నదే కింద ఉంటే 'డిట్టో' అని రెండు గీతలు పెడతాం. అది ఇటలీ వైపు మాట, 'చెప్పబడినది' అని అర్థం. మా దస్తావేజుల్లో 'సదరు' చేసే పనీ అదే: సదరు ఆసామి, సదరు స్థలం, అంటే పైన చెప్పినది. నకలు కింద 'ట్రూ కాపీ' అని ముద్ర వేసేటప్పుడు 'ఎగ్జాక్ట్ కాపీ' అనరు, గమనించారా? కాగితం వేరు, సిరా వేరు, సైజు కూడా వేరు కావచ్చు. చెప్పిన విషయం మాత్రం నిజం.

సీతమ్మధార_నుంచి
శనివారం, రాత్రి 8:20

ఇంత లోతుగా చూస్తే మామూలు మనిషి నోరు తెరవగలడా? మనమంతా 'సేమ్ టు సేమ్' అంటాం, అందరికీ అర్థమవుతుంది. మా పాప స్కూల్లో అలా అన్నదని అందరి ముందూ నవ్వారట. ఆ రోజు నుంచి క్లాసులో ఇంగ్లీషు మాట్లాడటమే మానేసింది. నాకు ఈ మాటల తేడా కన్నా ఆ బాధే ఎక్కువ.

మద్దిలపాలెం_మాస్టారు
శనివారం, రాత్రి 8:55

తల్లీ, నవ్వినవాళ్లది తప్పు. పాపది కాదు. మాటని రెండుసార్లు అని బిగించడం మన భాషల పద్ధతి. 'సరికి సరి', 'ఢీ అంటే ఢీ', 'మాటకి మాట'. పాప ఆ అల్లికనే ఇంగ్లీషులో పెట్టింది. బజారులో, ఫోన్లో 'సేమ్ టు సేమ్' హాయిగా అనొచ్చు. పరీక్షలో మాత్రం 'ఎగ్జాక్ట్‌లీ ద సేమ్' అని రాయాలి. 'ద ఎగ్జాక్ట్ సేమ్' అని అక్కడివాళ్లే మాట్లాడేటప్పుడు అంటారు, దాని మీద వాళ్లలోనే తగువుంది.

పాపకి ఇంకో సంగతి చెప్పండి, సంతోషిస్తుంది. ఆ 'సేమ్' అనే మాట మనకి దూరపు చుట్టమే. ఉత్తర ఐరోపా నార్స్ భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. సంస్కృతంలోని 'సమ'కి, దానికి మూలం ఒకటే. 'సిమిలర్' కూడా ఆ కుదురుదే, లాటిన్ దారిన వచ్చింది. సంస్కృతం, లాటిన్, గ్రీకు ఒక తల్లి పిల్లలై ఉండాలని విలియం జోన్స్ అనే ఇంగ్లీషు జడ్జి 1786లో కలకత్తాలో చెప్పాడు. తెలుగు ఆ కుటుంబం కాదని 1816లో మద్రాసులో ఎల్లిస్ అనే ఇంగ్లీషు అధికారి చూపించాడు. కాబట్టి 'సమానం' మనకి సంస్కృతం నుంచి వచ్చింది. 'సరి' మాత్రం తమిళం, కన్నడం, మలయాళం పక్కన కూర్చునే మాట. మనం 'సరిసమానంగా' అంటామే, అందులో రెండు కుటుంబాలూ పక్కపక్కనే ఉన్నాయి.

జాలరిపేట అబ్బాయి తక్కెడ గురించి రాసినప్పుడే చెప్పాలనుకున్నాను. 'ఎగ్జాక్ట్'కి మూలమైన లాటిన్ క్రియకి ఉన్న అర్థాల్లో తూచడం ఒకటి. 'ప్రిసైజ్' అంటే ముందు భాగం కోసేసినది, అక్కర్లేనిది తీసేసినది. అందుకే మనసులో ఉన్నదాన్ని విడగొట్టి చెప్పేటప్పుడు 'మోర్ ప్రిసైజ్‌లీ' అంటారు. 'మోర్ ఎగ్జాక్ట్‌లీ' అంత చక్కగా కుదరదు.

రుషికొండ_నైట్‌షిఫ్ట్
ఆదివారం, తెల్లవారుజాము 3:30

షిఫ్టు బ్రేక్‌లో చదువుతున్నాను. నాకు తగిలిన దెబ్బ చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో అవతలి దేశం మేనేజరుకి నా ప్లాన్ చెప్పి, 'ఈజ్ దిస్ వాట్ యూ వాంటెడ్?' అని అడిగాను. ఆయన 'నాట్ ఎగ్జాక్ట్‌లీ' అన్నాడు. నేను 'దాదాపు అదే, చిన్న తేడా ఉంది' అనుకున్నాను. మాటకి మాట చూస్తే అంతే కదా: సరిగ్గా కాదు. రెండు వారాలు ఆ ప్లాన్ మీదే పనిచేశాను. ఆయన చెప్పింది మర్యాదగా 'కాదు' అని. మన పెద్దవాళ్లు 'చూద్దాంలే' అంటే అర్థమేంటో మనకి తెలుసు. ఇది వాళ్ల 'చూద్దాంలే'. 'నాట్ క్వైట్' కూడా అంతే.

'జస్ట్' కూడా నన్ను ముంచింది. 'ఇట్స్ జస్ట్ ఫైవ్' అంటే సమయం అడిగినప్పుడు ఒకటి, ఎన్ని ఫైళ్లున్నాయని అడిగినప్పుడు ఒకటి. రెండో చోట 'ఐదే' అని, తక్కువ అనే అర్థం. 'హీ జస్ట్ లెఫ్ట్' అంటే ఇప్పుడే వెళ్లాడు. రాతలో కచ్చితత్వం కోసం 'జస్ట్' వాడటం పూర్తిగా మానేశాను.

వేధశాల_వీధి
ఆదివారం, ఉదయం 10:10

ఉక్కునగరం సార్, 'కొలిచినదాని పక్కన ఎగ్జాక్ట్‌లీ నిలవదు' అన్న మాటకి మన ఊరి చరిత్రలోనే సాక్ష్యం ఉంది. 1840లో గోడే వెంకట జగ్గారావు విశాఖలో సొంత ఖర్చుతో వేధశాల, అంటే గ్రహాల్నీ నక్షత్రాల్నీ పరిశీలించే చోటు, కట్టించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగడాన్ని ఇక్కడి నుంచే పరిశీలించారు. ఆ రోజు ప్రపంచంలో ఎన్నో చోట్ల ఖగోళ శాస్త్రజ్ఞులు అదే పని చేశారు. శుక్రుడి అంచు సూర్యుడి అంచుని తాకిన క్షణాన్ని పట్టుకుంటే సూర్యుడి దూరం లెక్కకట్టొచ్చు. కానీ ఆ క్షణం దగ్గరికి వచ్చేసరికి నల్లటి చుక్క సాగి అంచుకి అంటుకుపోయినట్టు కనిపిస్తుంది. ఎప్పుడు తాకిందో, ఎప్పుడు విడిందో తేలదు. పక్కపక్కన నిలబడి చూసిన ఇద్దరి సెకన్లు కూడా కలవలేదు. ఎంత మంచి గడియారం ఉన్నా 'ఎగ్జాక్ట్‌లీ' అనడానికి ఆకాశం ఒప్పుకోలేదు. ఆ లెక్కలన్నీ ఎంత అటూ ఇటూ ఉండొచ్చో చెప్తూ రాయాల్సి వచ్చింది.

మన ఊళ్లో ఇలాంటి మనుషులు పనిచేశారని పిల్లలకి తెలియాలని నా కోరిక. అందుకే రాశాను.

లక్కబొమ్మ
ఆదివారం, ఉదయం 11:25

మాస్టారూ, ఒక చిన్న అనుమానం. 'అలైక్ టాయ్స్' అని పేరు పెట్టొచ్చా?

మద్దిలపాలెం_మాస్టారు
ఆదివారం, ఉదయం 11:40

కుదరదమ్మా. 'అలైక్' నామవాచకం ముందు రాదు. 'ద టాయ్స్ ఆర్ అలైక్' అనాలి. క్రియ పక్కన మాత్రం బాగుంటుంది: 'డ్రెస్డ్ అలైక్', ఒకే తీరు బట్టలు కట్టుకున్నారని. నీ 'మ్యాచింగ్' చక్కగా ఉంది, మార్చకు.

ఆటోనగర్_క్యూసీ
మంగళవారం, సాయంత్రం 6:45

అందరికీ పేరు పేరునా నమస్కారం. ఆదివారం కూర్చుని రిపోర్టు మొత్తం తిరగరాశాను. మాస్టారి ప్రశ్ననే పట్టుకున్నాను: ఒకటిగా ఉన్నది ఏది? మెటీరియల్ గ్రేడ్ ఒకటే, కాబట్టి 'ద సేమ్ గ్రేడ్ యాజ్ ద శాంపిల్' అని రాసి సర్టిఫికెట్ జతచేశాను. కొలతలు ఒకటి కావు, దగ్గరగా ఉన్నాయి. అందుకని శాంపిల్ కొలత ఒక వరసలో, 40 పీసుల కొలతలు ఇంకో వరసలో పెట్టి, కింద 'ఆల్ వితిన్ టాలరెన్స్' అన్నాను. మైక్రోమీటర్ చివరిసారి ఎప్పుడు కాలిబ్రేట్ అయిందో ఆ తేదీ కూడా రాశాను. అది జాలరిపేట అన్న వాళ్ల అమ్మగారి తక్కెడ చదివాక తట్టింది. 'సిమిలర్' అనే మాట ఎక్కడా లేదు, 'ఐడెంటికల్' అనే మాటా లేదు.

ఈ రోజు మధ్యాహ్నం జవాబు వచ్చింది. సరుకు పంపమన్నారు, ఇక మీదట అన్ని రిపోర్టులూ ఇదే ఫార్మాట్‌లో ఇవ్వమన్నారు. రేపు పొద్దున లారీ వస్తుంది.

'ఎగ్జాక్ట్‌లీ' మాత్రం ఒక్క చోట ఉంచాను, ప్యాకింగ్ లిస్టులో పీసుల సంఖ్య పక్కన. ఇందాక పెట్టెలకి మేకులు కొట్టే ముందు రెండుసార్లు లెక్కపెట్టాను. నలభై.